పాత కరిజ్మా: ముందు ఏది?



సెలవుల్లో చెనిక్కాయ పీకిన కూలి డబ్బుతో మా హాస్టల్ వాళ్లం నలుగురం కలిసి పాత కరిజ్మా కొన్నాం. 2003లో వచ్చిన మోడల్, 223 సీసీ. పేరుకే స్పోర్ట్స్ బైకు, ఇద్దరం ఎక్కితే తండా ఎత్తు దగ్గర మూలుగుతుంది.

సైలెన్సర్ మార్చమన్నారు చాలామంది. మార్చలేదు. దాంతో శబ్దం పెరుగుతుంది గానీ లాగుడు పెద్దగా పెరగదు. పైగా చట్టం ఒప్పుకోని ఒక్కో మార్పుకీ 5,000 రూపాయల జరిమానా, ఆర్నెల్ల దాకా జైలు కూడా పడొచ్చు.

అందుకే కొత్త బలం జోలికి పోకుండా, పోయిన బలాన్నే వెనక్కి తెచ్చుకున్నాం. కార్బ్యురేటర్ కడిగించాం. ఎయిర్ ఫిల్టరు, ప్లగ్గు, చైన్ సెట్ మార్చాం. వెనక స్ప్రాకెట్‌కి పళ్లు ఎక్కువుంటే ఎత్తు సులువే, కానీ టాప్ స్పీడు తగ్గుతుంది. కంపెనీ లెక్కే ఉంచాం.

మిగిలిందంతా బ్రేకులకీ, టైర్లకీ పెట్టాం. అర్ధరాత్రి తండాలో ఎవరికన్నా పాము కరిస్తే బత్తలపల్లి ఆర్డీటీ ఆస్పత్రికి తెచ్చేది ఈ బండి మీదే. ఎంత స్పీడు పోతుందో కాదు, క్షేమంగా చేరుస్తుందా అన్నదే మాకు లెక్క.