ఊపితే పలకని కాయ

2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటిన వారం, రాజోలు పక్కన మా ఊళ్లో చిక్కుకుపోయాను. ఏటిగట్టు ఎక్కడ తెగుతుందోనని రాత్రంతా మేలుకోవడంతో తల పగిలిపోతోంది. మామ్మ వంటింటి గూట్లోంచి పాత హార్లిక్స్ సీసా తీసింది. నిండా తెల్ల బిళ్లలే. మూత తీయగానే పులిసిపోయిన కల్లు వాసన గుప్పుమంది.

ఆ వాసన ఆస్ప్రిన్‌ది. చెమ్మ తగిలితే అది విరిగి ఎసిటిక్ ఆమ్లం పుడుతుంది. నిలవున్న కల్లు పుల్లబడేదీ దానివల్లే. కోనసీమ ముసురుకి గూట్లో ఉప్పే నీరైపోతుంది, బిళ్ల ఎంత?

"వీటి డేటేది మామ్మా?"

"అట్టల మీదుండేదిగా. పారేశాను."

ఆ అట్టలు ఎప్పుడో నేను కొని తెచ్చినవే. కీళ్లనొప్పులతో ఆవిడ వేళ్లు వంగవు. రేకు నొక్కి బిళ్ల తీయడం చేతకాక, పక్కింటి పిల్లాణ్ణి కూచోబెట్టి చిక్కుడుకాయలు ఒలిపించినట్టు అన్నీ ఒకేసారి ఒలిపించేసింది. ఆవిడ ఆ అట్టల్నెలా విప్పుకుంటుందని నేనడిగితే కదా! ఒకటి పనిచెయ్యకపోతే రెండు, రెండు చాలకపోతే మూడు వేసుకునేదట. ఆ సీసాలో పారాసెటమాల్ కూడా కలిసిపోయి ఉంది. మోతాదు మీరితే కాలేయాన్ని దెబ్బతీసేది అదే.

పారబోస్తుంటే మామ్మకి కోపమొచ్చింది. "డేటేంట్రా డేటు! కొబ్బరికాయ మీద ఎవడు రాశాడు? చెవి దగ్గర ఊపితే తెలీదూ?"

ఆస్ప్రిన్ వరకూ ఆవిడ ముక్కు చాలు, ఒప్పుకుంటాను. పారాసెటమాల్ పాతబడినా వాసన పట్టించదు.

నేను మాత్రం? మందుల షాపులో "నాలుగివ్వండి" అంటాను. కత్తిరించి ఇస్తారు. తేదీ అచ్చేసిన కొస షాపులోనే ఉండిపోతుంది. ఇటు వైపునుంచి కత్తిరించమని ఒక్కసారీ అనలేదు.

వరద తీశాక అమలాపురంలో పూర్తి అట్ట కొన్నాను. గడువు మార్చి 2025. నెల ఒక్కటే వేస్తే ఆ నెల ఆఖరి రోజు దాకా లెక్క. గూట్లో కాక బీరువాలో పెట్టి, రేకు చించడానికి చిన్న కత్తెర తాడుతో కట్టి, పెద్దక్షరాలతో నెలా ఏడూ కాగితం మీద రాసి తలుపుకి అంటించాను.

మామ్మ కళ్లజోడు సర్దుకుని చదివింది. "మార్చంటే, ఉగాదికి ముందా, తర్వాతా?"

ఆ ఏటి పంచాంగం అప్పటికింకా అచ్చవలేదు.