సూర్యుణ్ణి తిన్నాను!

1988లో కాన్‌లో పామ్ డోర్, 1989లో ఆస్కార్ కొట్టిన బిల్లె ఆగస్ట్ చిత్రం 'పెల్లె ది కాంకరర్' చూశారా? అందులో మాక్స్ వాన్ సిడో కొడుకుతో, పొట్ట చేతపట్టుకుని స్వీడన్ నుంచి వచ్చి దిగేది డెన్మార్కు దీవి బోర్న్‌హోమ్‌లోనే. ఆ పిచ్చితోనే నేనూ వెళ్లాను!

గుడ్యెమ్ ఊరి రేవులో, చేపల్ని పొగలో మగ్గబెట్టే హోటలు. హంగులేం లేవు. క్యూలో నిలబడి ప్లేటు మనమే తెచ్చుకోవాలి. ఆల్డర్ కట్టెల పొగకి బంగారు రంగు తిరిగిన హెర్రింగ్ చేప, కింద నల్లటి రై రొట్టె, పైన ముల్లంగి ముక్కలు, ఉల్లికాడల తరుగు, నడిమధ్య పచ్చి గుడ్డుసొన! పేరు 'గుడ్యెమ్ మీద సూర్యుడు'.

పచ్చిసొన చూసి జంకాను. పక్కబల్ల పెద్దాయన నవ్వి, తన సూర్యుణ్ణి ఫోర్కుతో చిదిమి చూపించాడు. కళ్లు మూసుకుని నోట్లో పెట్టుకున్నా. అబ్బ! ఆ ఉప్పు, ఆ పొగ వాసన... మా ఇంట్లో నిప్పుల మీద కాల్చే ఎండుచేపే!

గొంతు పట్టేసింది. సినిమా చివర్లో పెల్లె దీవి దాటిపోతాడు, ముసలి తండ్రి ఉండిపోతాడు. దేశం దాటినవాణ్ణి నేనూను. నాన్న ఊళ్లోనే ఉండిపోయాడు.

ఆ రాత్రే ఫోను చేశాను.

"ఏం తిన్నావురా?" అన్నాడు.

"సూర్యుణ్ణి, నాన్నా!"