కంప్యూటరుకూ ఊపిరాడాలి

మన సంస్థలో దక్షిణాది నుండి బదిలీపై వచ్చిన కుటుంబాలకు ఢిల్లీ వేసవి తొలి ఏడాదిలోనే తన స్వరూపం చూపిస్తుంది. ‘లూ’ అనే ఇక్కడి వడగాడ్పు వేడితోపాటు సన్నని ధూళిని కూడా మోసుకువస్తుంది. 2024 మే 29న సఫ్దర్‌జంగ్ వాతావరణ కేంద్రంలో 46.8 డిగ్రీలు నమోదయింది. సుమారు ఎనభై ఏళ్ళలో అక్కడ అంతటి ఎండ లేదు. ఆ వారమే మా ఇంటి డెస్క్‌టాప్ కంప్యూటరు మధ్యాహ్నం రెండు దాటగానే దానంతట అది ఆగిపోసాగింది. మా అమ్మాయి ఇంజనీరింగు ప్రాజెక్టు నివేదిక సమర్పించడానికి తొమ్మిది రోజుల వ్యవధి మాత్రమే ఉన్నది.

నెహ్రూ ప్లేస్‌లో ఒక దుకాణదారు పెట్టె తెరిచి చూడకుండానే మదర్‌బోర్డు, ప్రాసెసరు రెండూ మార్చాలని, ముప్ఫై వేలు అవుతుందని తేల్చేశాడు. అమ్మాయి మాత్రం “నాన్నా, ముందు పక్కమూత తీసి నడిపి చూద్దాం” అన్నది. మూత ఉండగా నూరు డిగ్రీలకు చేరువవుతున్న ప్రాసెసరు వేడి, మూత తీశాక అరగంట గడిచినా ఎనభై రెండు దాటలేదు. అంటే జబ్బు భాగాలలో లేదు, గాలి ఆడకపోవడంలో ఉన్నది.

ఫ్యాను చల్లదనాన్ని పుట్టించదు. లోపలి వేడిగాలిని గెంటివేసి గదిలోని గాలిని తెస్తుంది, అంతే. గదిలో 38 డిగ్రీలుంటే ఎన్ని ఫ్యాన్లు బిగించినా లోపలి భాగాలు అంతకంటె చల్లబడవు. కనుక గాలి వచ్చే దారి, పోయే దారి సరిగా ఉన్నాయా అన్నదే అసలు ప్రశ్న. మా పెట్టె ముందు పలక నల్లని గాజు. చూడముచ్చటగానే ఉంటుంది గాని, దాని వెనుకనున్న ఫ్యాను గాలి పీల్చడానికి అంచుల్లో సన్నని సందు తప్ప లేదు. హుమాయూన్ సమాధికి రాతి జాలీలు చెక్కిన శిల్పులకు తెలిసిన సంగతి ఈ పెట్టెలు రూపొందించేవారికి ఎందుకు తట్టదో!

“మూత తీసే ఉంచరాదా?” అన్నది మా శ్రీమతి. ఈ ఊరి ధూళిలో అది కుదిరే పని కాదు. గాజు పలక తొలగించి సన్నని మెష్ అమర్చాము. ముందువైపు 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లు రెండు లోనికి పీల్చేటట్లు, వెనుక ఒకటి బయటకు తోసేటట్లు బిగించాము. వచ్చే గాలి పోయే గాలికంటె కొంచెం ఎక్కువైతే మిగిలిన సందులన్నిటి గుండా గాలి బయటికే వస్తుంది. ఆ దారుల్లో దుమ్ము చొరబడదు. హీట్‌సింక్ రేకుల మధ్య దుమ్ము పాత దుప్పటి ముక్కలా అట్టకట్టి ఉన్నది. దానిని బ్లోయరుతో ఊదేటప్పుడు ఫ్యాను రెక్కలను వేలితో ఆపి ఉంచాలి. లేకుంటే అవి విపరీతమైన వేగంతో తిరిగి బేరింగు చెడవచ్చు. ఎండిన థర్మల్ పేస్టు తుడిచి, బఠాణీ గింజంత కొత్తది పెట్టాము. పెట్టెను బల్ల కింది అరలో నుండి తీసి గోడకు జానెడు ఎడంగా నిలిపాము. డెజర్ట్ కూలరు ఎదుట మాత్రం ఉంచలేదు. ఆ చెమ్మ యంత్రానికి హితం కాదు.

అంతా కలిపి రెండు వేల లోపే అయింది. మరునాడు మధ్యాహ్నం మూడు గంటలకు, పని సాగుతుండగానే, ప్రాసెసరు 78 డిగ్రీల వద్ద నిలకడగా ఉన్నది. నివేదిక గడువుకు రెండు రోజుల ముందే చేరింది. మెష్‌ను మాత్రం పదిహేను రోజులకొకసారి దులుపుతున్నాము. మే, జూన్ నెలల్లో వారం వారం.