పేనుకొరుకుడు – నేను చేసిన ఒక తప్పు



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ సారు కబురు పంపినప్పుడు, 'కష్టపడి చదవండి, పైకి రండి' అని నాలుగు మంచి మాటలు రాద్దామనుకున్నాను. మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటివాణ్ణి నేనే. ఇప్పుడు ఎం.ఎస్సీ. జంతుశాస్త్రం చదువుతున్నాను. అలాంటి మాటలు చెప్పే అర్హత కొంచెం ఉందనుకున్నాను. కానీ కలం పట్టగానే మన హాస్టల్ వరండా గుర్తొచ్చింది. అక్కడ నేను పెట్టించిన ఒక ట్రంకు పెట్టె గుర్తొచ్చింది. అందుకే జుట్టు రాలడం గురించి రాస్తున్నాను. నవ్వకండి, చివరిదాకా చదవండి.

అప్పుడు నేను తొమ్మిదో తరగతి. మా గదికి లీడర్ని. ఏడో తరగతి తమ్ముడు ఒకడికి తల వెనక రూపాయి బిళ్ళంత మేర జుట్టు ఊడిపోయింది. పేరు రాయను. క్షవరం చేసే బాబాయి నెలకోసారి వచ్చేవాడు. ఆ రోజు అది అందరికీ కనబడింది. "పేనుకొరుకుడు, అంటుకుంటుంది" అన్నారెవరో. అంతే. వాడి పెట్టె, చాప తీయించి వరండాలో స్టోరు గది పక్కన పెట్టించాను. కంచం కూడా విడిగా కడుక్కోమన్నాను. వాడు ఒక్క మాట అనలేదు. ఎవరో గురివింద గింజ అరగదీసి ఆ మచ్చకు రాశారు. తోలు ఎర్రబడి బొబ్బ లేచింది. అప్పుడూ ఏమీ అనలేదు. దసరా సెలవులకు ఇంటికి వెళ్ళి వచ్చాక, ఎవరూ చెప్పకుండానే తన పెట్టె తీసుకెళ్ళి వరండాలోనే పెట్టుకున్నాడు.

అదే సమయంలో మా గదిలోనే ఇంకొకడికి తలంతా పొట్టు, దురద. చుండ్రు అనుకున్నాం. అందరం ఒకే దువ్వెన, ఒకే తువ్వాలు వాడాం. నెల తిరిగేసరికి నలుగురికి అదే వచ్చింది.

తర్వాత హాస్టల్లో వైద్య శిబిరం పెట్టారు. డాక్టరు గారు వరండా తమ్ముడి తల చూసి, "ఇది ఎవరికీ అంటదు" అన్నారు. చుండ్రు అనుకున్న ఐదుగురినీ పక్కకు పిలిచి, "అంటేది ఇది" అన్నారు. అంటని వాణ్ణి బయట పెట్టి, అంటేదాన్ని దువ్వెనతో గదంతా పంచుకున్నామన్నమాట! "ఈ అబ్బాయిని బయట పడుకోమన్నదెవరు?" అని ఆయన అడిగితే నేను తల దించుకున్నాను. ఆ సాయంత్రం పెట్టె లోపలికి వచ్చింది. కానీ నా నోటి వెంట 'తప్పయింది తమ్ముడూ' అన్న మాట రాలేదు.

పోయిన ఏడాది పరీక్షల ముందు నా తలలోనే అలాంటి మచ్చ కనబడింది. మొదట చేసిన పని టోపీ కొనుక్కోవడం! నా రూమ్మేటు మాత్రం తన మంచం అంగుళం కూడా జరపలేదు. ప్రభుత్వాసుపత్రి చర్మవ్యాధుల విభాగానికి వెళ్ళాను. అక్కడ తెలుసుకున్నవీ, తర్వాత పుస్తకాల్లో చదివినవీ మీకు చెబుతాను.

మన తలమీద సుమారు లక్ష వెంట్రుకలుంటాయి. ఒక్కొక్కటి కొన్నేళ్ళు పెరిగి, దాదాపు మూడు నెలలు ఊరుకుని, రాలిపోతుంది. రోజుకు 50 నుంచి 100 దాకా రాలడం మామూలే. దువ్వెనలో నాలుగు కనబడగానే దిగులు పడక్కరలేదు.

పేనుకొరుకుడికి పేనుతో ఏ సంబంధమూ లేదు. మనల్ని కాపాడాల్సిన తెల్ల రక్తకణాలే పొరబడి వెంట్రుకల కుదుళ్ళ మీద దాడి చేస్తాయి. మచ్చ నున్నగా ఉంటుంది, పొట్టు రాలదు. కుదురు చావదు కాబట్టి చాలామందికి ఏడాదిలోగా జుట్టు దానంతటదే వస్తుంది. కొందరికి మళ్ళీ మళ్ళీ వస్తుంది. స్టెరాయిడ్ పూతమందు గానీ, పెద్దవాళ్ళకైతే మచ్చలోనే చిన్న ఇంజెక్షన్లు గానీ ఇస్తారు. నాకు నెలకొకటి చొప్పున మూడుసార్లు చేశారు. ముందు తెల్ల వెంట్రుకలు వచ్చాయి, తర్వాత నల్లబడ్డాయి. తలంతా ఊడిపోయేంత తీవ్రమైతే బారిసిటినిబ్ అనే మాత్ర ఉంది. అమెరికాలో 2022లో పెద్దవాళ్ళకు దాన్ని అనుమతించారు. గురివింద గింజలో మాత్రం ఏబ్రిన్ అనే ఘోరమైన విషం ఉంది. దాన్ని తలకు రాయకండి, రాయనివ్వకండి.

తలకు వచ్చే తామర వేరు. అది శిలీంధ్రం వల్ల వస్తుంది, పిల్లల్లోనే ఎక్కువ. పొట్టు, దురద ఉంటాయి. వెంట్రుకలు మొదట్లో విరిగి నల్ల చుక్కల్లా కనబడతాయి. దువ్వెన, తువ్వాలు, టోపీ, దిండు ద్వారా అంటుతుంది. పైన రాసే ఆయింట్‌మెంటు కుదురు లోపలికి చేరదు. అందుకే గ్రైసియోఫుల్విన్ లేదా టెర్బినఫిన్ మాత్రలు డాక్టరు చెప్పినన్ని వారాలు మింగాలి. దురద తగ్గింది కదా అని మధ్యలో ఆపితే మళ్ళీ వస్తుంది. అశ్రద్ధ చేస్తే చీముగడ్డలా వాచి, ఆ చోట జుట్టు శాశ్వతంగా పోవచ్చు. ఇంకో ముఖ్యమైన మాట. ఇది అంటేదే అయినా, మందు మొదలుపెట్టాక పిల్లవాణ్ణి బడి మాన్పించక్కరలేదు. వేరు చేయవలసింది దువ్వెనను, మనిషిని కాదు.

టైఫాయిడ్, డెంగీ లాంటి జ్వరాలు తగ్గిన రెండు మూడు నెలలకు జుట్టు గుప్పెళ్ళతో రాలుతుంది. 2020, 2021లలో కరోనా వచ్చి తగ్గినవాళ్ళలో చాలామందికి ఇలాగే జరిగింది. మా అక్కకు కాన్పయిన మూడో నెలలో రాలితే సబ్బును తిట్టుకుంది. సాధారణంగా ఆరు నెలల్లో ఇది సర్దుకుంటుంది. సర్దుకోకపోతే రక్తహీనత, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోవాలి. రోజూ బిగించి జడలు వేసినా నుదుటి దగ్గర జుట్టు పలచబడుతుంది. ఇంటికి వెళ్ళినప్పుడు మీ చెల్లెళ్ళకు ఈ మాట చెప్పండి.

ఇక పూర్వ విద్యార్థి అన్నల బాధ – బట్టతల. ఇది అమ్మ వైపు నుంచీ నాన్న వైపు నుంచీ కూడా రావచ్చు. ఒక హార్మోను ప్రభావంతో కుదుళ్ళు క్రమంగా చిన్నవైపోతాయి. మినాక్సిడిల్ మొదట రక్తపోటు మాత్ర. అది వాడినవాళ్ళకు ఒంటి మీద వెంట్రుకలు పెరగడం గమనించి తలకు రాసే మందుగా మార్చారు. అమెరికాలో 1988లో అనుమతి వచ్చింది. మగవాళ్ళకు ఫినాస్టరైడ్ మాత్రను 1997లో అనుమతించారు. రెండూ డాక్టరును అడిగే వాడాలి. మానేస్తే ఫలితం పోతుంది. 'నెలలో జుట్టు' అనే నూనెలకు స్కాలర్‌షిప్ డబ్బులు పోయకండి. వెంట్రుక నెలకు పెరిగేదే సుమారు ఒక సెంటీమీటరు!

చికిత్స పూర్తయ్యాక ఆ తమ్ముడి నంబరు సంపాదించి ఫోన్ చేశాను. నాకూ వచ్చిందని చెప్పి, క్షమించమన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "జుట్టు ఆర్నెల్లకే వచ్చేసిందన్నా. ఆ వరండాలో చలే ఇంకా గుర్తుంది" అన్నాడు.

మా అమ్మ మిరప కోతలకు వెళ్ళే చోట ఆమెకు గ్లాసు విడిగా ఉండేది. అది చూసి చిన్నప్పుడు నేను ఏడ్చాను. అలాంటి నేనే ఒక పిల్లవాడి కంచం విడిగా పెట్టించాను. జబ్బు పేరుతో చేశాను కాబట్టి తప్పని తోచలేదు.

తమ్ముళ్ళూ! ఎవరి తలలో మచ్చ కనబడినా ముందు వార్డెన్ సారుకు చెప్పండి, ఆసుపత్రికి తోడు వెళ్ళండి. ఎవరి దువ్వెన వాళ్ళు వాడండి. ఎవరి పెట్టే వరండాలోకి పోనివ్వకండి.

ఇట్లు
మీ అన్న,
పూర్వ విద్యార్థి