544 స్టెప్పుల లోడు

లారీల ఊరు సాలూరులో పుట్టినోడికి లోడు లెక్క ఒకరు చెప్పక్కర్లేదు. బండి మోసేంతే ఎక్కించాలి, సుంకి ఘాటీ ఎక్కాలి కదా!

నిన్న అటక దులుపుతుంటే మావయ్య కేసియో పీబీ-100 దొరికింది. 1982లో వచ్చిన జేబు కంప్యూటరు. తెర మీద ఒకసారికి 12 అక్షరాలే. దీనికీ లోడు లెక్కుంది: బేసిక్ భాషలో రాసే ప్రోగ్రాముకి 544 స్టెప్పులే చోటు. ‘ప్రింట్’ అనే మాట మొత్తానికి ఒక్క స్టెప్పు, లైను నంబరుకేమో రెండు. అందుకే మావయ్య కోలన్లు పెట్టి మూడు పనుల్ని ఒకే లైనులో కుక్కేవాడు. ముందు డైరీలో రాసి, స్టెప్పులు లెక్కపెట్టి, కొట్టేసి, మళ్లీ రాసేవాడు. అంకెలు దాచుకోడానికి ఏ నుంచి జెడ్ దాకా 26 గళ్లు. డీజిలుకి డి, కిలోమీటర్లకి కె. లారీ లీటరుకెంత ఇచ్చిందో నాలుగు లైన్లలో తేల్చేసేవాడు.

దాని మెమరీ మొత్తం ఒక్క కేబీ. పొద్దున్నే నా ఫోనుకొచ్చే గుడ్ మార్నింగ్ బొమ్మ దానికి వంద రెట్లుంటాది. పనికొచ్చే ముక్క మాత్రం ఒక్కటుండదు.

మీ అటక మీద ఇలాంటిదుంటే పాతసామాన్లోడికి వేసేయకండి. రెండు సీఆర్2032 బ్యాటరీలు వేసి, ఒక్క లైను రాసి చూడండి.