సేవ్ నొక్కితే చాలు

జామతోటల కోహీర్‌లో కూర్చుని నేను రాసే కోడ్‌కూ, హైదరాబాద్‌లో మా జట్టు రాసే కోడ్‌కూ ఇప్పుడు పైకి తేడా కనిపించదు. సేవ్ నొక్కగానే ఎడిటర్ అంతా సర్దేస్తుంది. ఇలా కోడ్‌ను సర్దే ఫార్మాటర్‌ను గో భాష 2009లోనే వెంటబెట్టుకొచ్చింది. జావాస్క్రిప్ట్‌కు 2017లో ప్రెటియర్, పైథాన్‌కు 2018లో బ్లాక్ వచ్చాయి. ఇవి కోడ్‌ను వ్యాకరణం ప్రకారం విడదీసి, మన ఖాళీలను చాలావరకు పక్కనపెట్టి, మళ్లీ పేరుస్తాయి. వరుస మామూలుగా ప్రెటియర్ 80 అక్షరాల్లో, బ్లాక్ 88లో ఇమిడేలా చూసుకుంటాయి.

బ్రాకెట్ పై వరుసలోనా, కిందనా అన్న తగువు తీరింది. నా తీరు పోయిందన్న బెంగ లేకపోలేదు. కానీ కోడ్ సమీక్షలో మారిన తర్కమే కళ్లబడుతోంది. అయితే తప్పుడు లెక్కనూ ఫార్మాటర్ అంతే పొందికగా నిలబెడుతుంది. అందం చూసి నమ్మేయకుండా చదవడం మాత్రం ఇంకా మన పనే.