వీథిలో ముగ్గు ట్యాంకు

పిల్లలూ! పోయిన వేసవి సెలవుల్లో మా మనుమడు నా దగ్గరికి వచ్చి, "తాతా, నాకొక ట్యాంకు కొనిస్తావా?" అని అడిగాడు. నేను జవాబు చెప్పేలోగా వంటింట్లోనుంచి వాళ్ల అవ్వ, "మిద్దెమీద ఒకటి ఉండాది గదరా! ఇంకొకటి ఎందుకు?" అన్నది.

వాడు పడీపడీ నవ్వాడు. మీరూ నవ్వుతూ ఉంటారు. కాని ఆమె అన్నదాంట్లో పెద్ద తప్పేమీ లేదు. మొదటి ప్రపంచయుద్ధంలో ఇంగ్లండువారు ఈ యుద్ధపు బండ్లను రహస్యంగా తయారుచేస్తూ, సంగతి శత్రువుకు పొక్కకుండా, ఇవి నీళ్లు పోసుకునే తొట్లని చెప్పుకొన్నారు. 1916 సెప్టెంబరు 15న ఫ్రాన్సులో సొమ్ నది ప్రాంతపు యుద్ధంలో అవి మొదటిసారిగా కదిలి వచ్చినప్పుడు రహస్యం బయటపడింది గాని, ఆ దొంగపేరు మాత్రం అలాగే నిలిచిపోయింది.

మనవాడు అడిగింది బజారులో దొరికే మామూలు బొమ్మ కాదు. పెట్టెలో ప్లాస్టిక్ చట్రాలుంటాయి. చెట్టుకొమ్మకు కాయల్లాగా ఆ చట్రాలకు వందలకొద్దీ ముక్కలు అంటుకొని ఉంటాయి. వాటిని ఒక్కొక్కటే కత్తిరించి, నున్నగా రుద్ది, బంకతో అతికించి, రంగు వేసుకోవాలి. వాడు డబ్బాలో దాచుకున్న సొమ్ము 3,200 రూపాయలు. చూపు మాత్రం జర్మనీవాళ్ల లెపర్డ్ ట్యాంకు మీద ఉంది. అది వాడి డబ్బాకు అందేది కాదు.

మా కోడలికి ఈ వ్యవహారమే నచ్చలేదు. "మామా, వీనికి ఫిరంగులు తప్ప వేరే బొమ్మలే దొరకలేదా? మన అలిపిరిలో అంగడి అంగడికీ ఎంత మంచి కొయ్యబొమ్మలుండాయి!" అన్నది. ఏం చెప్పాలో నాకు తోచలేదు. "ముందు కొలతలు చూడనీ అమ్మా" అని తప్పించుకున్నాను. లెక్కల చాటున దాక్కోవడం మా ఉపాధ్యాయులకు పాత అలవాటే.

అయితే కొలతల సంగతి నిజంగానే ముఖ్యం. మా ఇంటి దగ్గర, అలిపిరి దారిలో, దేవస్థానంవారి శిల్పకళాశాల ఉన్నది. శిల్పులు విగ్రహానికి ముఖం పొడవును ఒక 'తాళం'గా తీసుకుంటారు. దానిలో పన్నెండు భాగాలు చేస్తే ఒక్కొక్కటి ఒక అంగుళం. నవతాళ విగ్రహమంటే ఎత్తు ముఖానికి తొమ్మిదింతలు. విగ్రహం జానెడుదైనా, తాటిచెట్టంతదైనా ఈ లెక్క మారదు. ట్యాంకు నమూనాకూ ఇలాంటి లెక్కే ఉంది. పెట్టె మీద 1:35 అని ఉంటే, అసలు బండిలో 35 సెంటీమీటర్లున్నది బొమ్మలో ఒక్క సెంటీమీటరు అవుతుందన్నమాట. 1:72 అని ఉంటే 72 సెంటీమీటర్లకు ఒకటి. ఆరడుగుల మనిషికి 72 అంగుళాలు గదా! ఆ బొమ్మలో అతను సరిగ్గా అంగుళం ఎత్తుంటాడు.

72 సరే, ఈ 35 ఎక్కడినుంచి వచ్చిందని మీరడగవచ్చు. జపానులో టామియా కంపెనీవారు 1960ల మొదట్లో పాంథర్ అనే ట్యాంకు బొమ్మను తయారుచేస్తూ, లోపల మోటారూ బ్యాటరీలూ పట్టేటట్టు దాని సైజు నిర్ణయించారు. తర్వాత లెక్క చూసుకుంటే అది 35వ వంతు అయింది. లోకమంతా దాన్నే పట్టుకున్నది!

మన సైన్యంలో అజేయ అని పిలిచే టీ-72 ట్యాంకు, ఫిరంగి గొట్టంతో కలిపి 9 మీటర్ల 53 సెంటీమీటర్ల పొడవుంటుంది. దాన్ని 35తో భాగిస్తే 27 సెంటీమీటర్లు, 72తో భాగిస్తే 13 సెంటీమీటర్లు. "ఓస్, రెండింతలే గదా!" అన్నాడు మావాడు. ఇక్కడే పిల్లలంతా పొరబడేది. పొడవు రెండింతలైతే, రంగు వేయవలసిన పైభాగం నాలుగింతలు. అది చోటు చేసుకొనే మేర ఎనిమిదింతలు. మరొక తమాషా చూడండి. అసలు ట్యాంకు బరువు 41 టన్నుల 500 కిలోలు. 35వ వంతు బొమ్మను అచ్చంగా ఆ లోహాలతోనే చేస్తే ఎంత తూగుతుంది? 35ను మూడుసార్లు గుణించి, దానితో భాగించాలి. 42,875తో భాగిస్తే కిలో కూడా రాదు, 968 గ్రాములు!

కాగితం మీద ఈ అంకెలు వాడి బుర్రకెక్కలేదు. అందుచేత మరునాడు తెల్లవారుజామున, జనసంచారం లేనప్పుడు, వాళ్ల అవ్వ ముగ్గుచిప్ప తీసుకొని ఇద్దరం వీథిలోకి వెళ్లాం. టేపు పట్టి, అసలు ట్యాంకు ఎంత ఉంటుందో అంతా ముగ్గుతో గీశాం. వెడల్పు 3 మీటర్ల 60. అడ్డంగా మా సందు దాదాపు నిండిపోయింది. మావాడు నోరు తెరిచి చూస్తూ నిలబడ్డాడు. "నా ముగ్గుపిండంతా పాయె!" అని వాళ్ల అవ్వ కేకలు పెట్టింది.

సరిగ్గా ఆ సమయానికే భుజాన సంచీతో ఒక మనిషి వచ్చాడు. కాలినడకన 3,550 మెట్లూ ఎక్కి కొండకు పోతూ, దారిలో నన్ను చూసిపోదామని వచ్చిన పాత శిష్యుడు. ఇరవై ఏళ్లకుపైగా సైన్యంలో పనిచేసి పింఛను పుచ్చుకున్నాడు. "బాగుండారా అయివారూ?" అంటూనే నేలవైపు చూశాడు. ఇది ఏమిటని అడగలేదు. సంచీ పక్కన పెట్టి, ముగ్గును తొక్కకుండా దాటి, ముందుభాగంలో సరిగ్గా నడుమకు వచ్చి గొంతుక్కూర్చున్నాడు. "నేను కూర్చునేది ఇక్కడ. తల మీద ఫిరంగి గొట్టం. వెనక గుండ్రటి టరెట్లో ఎడమపక్క ఫిరంగి పేల్చేవాడు, కుడిపక్క కమాండరు. గుండు ఎక్కించే పని యంత్రానిది, అందుకే ముగ్గురమే" అన్నాడు. అతను టీ-72 డ్రైవరు.

పిల్లలూ, ఇప్పుడు నేను మీతో ఒక సంగతి చెప్పుకోవాలి. 1989లో అతను ఒక పల్లెటూరి హైస్కూల్లో ఎనిమిదో తరగతి. నేను సైన్సు చెప్పేవాణ్ణి. ఒకనాడు వెనక బెంచీలో ఏదో కదులుతున్నది. పోయి చూద్దును గదా, దారం రీలుతో చేసిన ట్యాంకు! రీలు నడిమి బెజ్జంలో రబ్బరు బ్యాండు దూర్చి, ఒక పక్క పుల్లముక్కతో బిగించి, రెండో పక్క కొవ్వొత్తి బిళ్లా, పొడుగాటి పుల్లా పెట్టి మెలితిప్పితే, అది పుస్తకాల మీదికి కూడా పాకుతూ ఎక్కుతుంది. నేను దాన్ని లాక్కొని నేలకేసి కొట్టి, కాలితో తొక్కాను. ఆనాడు నేను చెబుతున్న పాఠమేమిటో తెలుసా? మెలిపడిన స్ప్రింగులో శక్తి నిలవ ఉండి, విప్పుకొనేటప్పుడు చలనంగా మారుతుందని! ఆ పాఠం బెంచీ మీద నడుస్తూ ఉంటే, దాన్ని తొక్కేసి నల్లబల్ల మీద బొమ్మ గీశాను.

ఈ మాట అతనితో అన్నాను. అతను నవ్వాడు. "సాయంత్రానికే ఇంకొకటి చేసుకున్నాను అయివారూ" అన్నాడు. తర్వాత కొంచెం ఆగి, "మళ్లా మీకు మాత్రం ఏదీ చూపించలేదు" అన్నాడు.

కోడలు కాఫీ తెచ్చి, తన అనుమానం అతన్నే అడిగింది. "అన్నా, పిల్లోనికి ఇట్లాంటి బొమ్మ కొనీవచ్చునా?" అతను వెంటనే జవాబు చెప్పలేదు. 2002 వేసవిలో, పార్లమెంటు మీద దాడి జరిగిన తర్వాత, సైన్యం నెలల తరబడి సరిహద్దులో కాచుకొని ఉన్నప్పుడు, తాను రాజస్థానులో ఉన్నానన్నాడు. ఆ ఎండకు ఇనుము ముట్టుకుంటే చెయ్యి కాలేదట. మూత వేసుకుంటే లోపల ఒళ్లంతా చెమట, బయట చూడటానికి వేలెడు అద్దం. "యుద్ధం రాలేదమ్మా. రాకపోవడమే మేలయింది. బొమ్మ కొనీండి. లోపల ఏముంటాదో నేను వానికి చెప్తాను" అన్నాడు. కోడలు మరి మాట్లాడలేదు.

ఆ తర్వాత ఏ ట్యాంకు కొనాలన్న ప్రశ్న దానంతటదే తేలిపోయింది. తిరుపతినుంచి చెన్నై పోయే రైలు రేణిగుంట, పుత్తూరు, తిరుత్తణి, అరక్కోణం దాటి ఆవడి స్టేషను మీదుగా పోతుంది. ఆ ఆవడిలోనే మన దేశపు ట్యాంకుల కర్మాగారం ఉన్నది. 1965లో విజయంత అక్కడినుంచే వచ్చింది. రష్యావారి టీ-72ను అజేయ పేరుతో అక్కడే తయారుచేశారు. అర్జున్ పుట్టిందీ అక్కడే. రైల్లో ఈ మాటలు వినేసరికి మావాడు లెపర్డ్‌ను మరిచిపోయి, "అయితే అర్జునే కావల్ల" అన్నాడు. కాని మేము పోయిన అంగడిలో అర్జున్ లేదు. అంగడివాడు ఇంకేదో పెట్టె చూపి, ఇదీ అలాంటిదే అన్నాడు. మావాడు బొమ్మ మీద చక్రాలు లెక్కపెట్టి, "అర్జున్‌కు పక్కకు ఏడుండల్ల, దీనికి ఆరే!" అన్నాడు. నాకు చాలా సంతోషమైంది. చివరకు 1:35 కొలతలో టీ-72ఎం1 పెట్టె తీసుకున్నాం. మన అజేయ సరిగ్గా ఆ రకమే. చాలని డబ్బు నేను వేశాను, నెలకింతని తీర్చే ఒప్పందం మీద.

మీరు కొనేటట్టయితే ముక్కలు ఎన్నో అడగండి. వెయ్యికి పైగా ముక్కలున్న పెట్టెలు కూడా ఉన్నాయి. మొదటిసారికే అలాంటిది తెచ్చుకుంటే అది అటకెక్కుతుంది. గొలుసుచక్రం పట్టీ ఒకే ముక్కగా ఉన్నదా, లింకు లింకూ అతికించాలా అన్నది కూడా చూడాలి. ఆ బంక మామూలు జిగురు కాదు. ప్లాస్టిక్‌ను కాస్త కరిగించి రెండు ముక్కలను ఒకటి చేస్తుంది. దాని ఆవిరి పీల్చకూడదు, కిటికీలు తెరిచి పనిచేయాలి. బ్లేడు పట్టేటప్పుడు పెద్దవాళ్లు పక్కన ఉండాలి. మావాడు ఒకనాడు నేను కునుకు తీసేవేళ చూసి వేలు కోసుకున్నాడు.

పదిహేను రోజులకు ట్యాంకు పూర్తయింది. ఇసుకరంగు వేశాడు. ఒక పక్క కొంచెం వంకరగా వచ్చింది. చివరి ముక్క డ్రైవరు మూత. మూసి అతికించమని కాగితంలో ఉన్నది. మావాడు చాలాసేపు దాన్ని చేతిలో పట్టుకొని కూర్చున్నాడు. తర్వాత తెరిచి ఉండేటట్టు అతికించాడు.

"లోపల ఉక్కగా ఉంటాది గదా తాతా" అన్నాడు.

ఇప్పుడది మా హాల్లో టీవీ పక్కన ఉన్నది. దాని ముందు దారం రీలు బండి ఒకటి ఉన్నది. ప్లాస్టిక్ రీలు, కొవ్వొత్తి బిళ్ల, రబ్బరు బ్యాండు. అది నేను చేసిందే. ఇంకా నేరుగా పోవడం లేదు, ఎడమకు లాగుతున్నది.